దుకాణపు అరలు, డ్రోన్ లెక్కలు, పంచాయతీ బాధ్యత

దుకాణములో సరుకున్నదా, లేదా అను ప్రశ్న వర్తకునికెంత ముఖ్యమో కొనువారికిని అంత ముఖ్యము. సికింద్రాబాదు మోండా మార్కెట్టులోని చిన్న వర్తకుడు తన అరలవైపు ఒకమారు చూచి, ఏ సరుకు తరిగినదో చెప్పగలడు. వేలకొలది రకముల వస్తువులను అమ్ము పెద్ద దుకాణములలో ఇది సాధ్యము కాదు. పద్దు పుస్తకమున పది పెట్టెలుండును. అరలో ఒక్కటియు కానరాదు. ఈ వ్యత్యాసమును కనిపెట్టుటకు కొన్ని దేశములలో నేడు డ్రోన్లను వినియోగించుచున్నారు. ఈ యంత్రము చేయగల పనిని, చేయలేని పనిని గ్రహించినచో, మన గ్రామములోని చౌకధరల దుకాణమును తనిఖీ చేయు విధానము కూడ సులభముగా బోధపడును.

డ్రోన్ లెక్కించు విధము

డ్రోన్ అనగా మనిషి ఎక్కి నడుపనవసరము లేని చిన్న విమానము. పైకప్పు క్రింద ఉపగ్రహ సంకేతములు సరిగా అందవు గనుక, అది తన కెమెరాల సాయమున దారి తెలిసికొనుచు అరల వెంబడి మెల్లగా ఎగురును. పెట్టెల ఛాయాచిత్రములను తీయును. వానిపైనున్న బార్‌కోడును, అనగా నల్లని గీతల గుర్తును, చదువును. ఇట్టి గుర్తును యంత్రముతో చదివి సరుకమ్ము పద్ధతి 1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఒక దుకాణములో ఆరంభమైనది. డ్రోన్ తెచ్చిన వివరములను కంప్యూటరు పద్దుతో సరిపోల్చి, ఎచ్చట తేడా గలదో తెలియజేయును.

అమెరికాలోని వాల్‌మార్ట్ సంస్థ తన గోదాములలో డ్రోన్లను పరీక్షించుచున్నట్లు 2016లో ప్రకటించినది. నెల దినములు పట్టు తనిఖీ ఒక్క దినములో ముగియగలదని ఆ సంస్థ తెలిపినది. 2018లో మన హైదరాబాదున దుకాణము తెరచిన ఐకియా సంస్థ, ఐరోపాలో 2023 నాటికి 100 డ్రోన్లను ఈ పనికి నియోగించినది. దుకాణము మూసిన పిదప, జనసంచారము లేని వేళ అవి ఎగురును. నిచ్చెనలెక్కి పై అరలను చూడవలసిన శ్రమ సిబ్బందికి తగ్గినది.

యంత్రమునకు కానరానిది

డ్రోన్ కంటికి పైపొర మాత్రమే కనబడును. సంచిలోని బియ్యము తూకమునకు సరిపోవునా, పురుగు పట్టినదా, తడిసినదా అన్నది దానికి తెలియదు. తేడాను చూపుట దాని పని. కారణమును విచారించుట మనిషి పని.

మన చౌకధరల దుకాణము

గ్రామ దుకాణమునకు డ్రోన్ అవసరము లేదు. అచ్చటి సరుకులు కొద్ది రకములే. కాని పద్దును సరుకుతో సరిపోల్చవలెనను సూత్రము అచ్చటను వర్తించును. ప్రతి పంపిణీని ఈ-పాస్ యంత్రము నమోదు చేయును. తొలి నిల్వకు వచ్చిన సరుకును కలిపి, పంపిణీ అయినదానిని తీసివేసినచో మిగులవలసిన నిల్వ తేలును. ఉదాహరణకు, తొలి నిల్వ 4 క్వింటాళ్లు, వచ్చినది 60 క్వింటాళ్లు, పంపిణీ అయినది 52 క్వింటాళ్లు అనుకొందము. మిగులు 12 క్వింటాళ్లు. అనగా 50 కిలోల సంచులు 24 ఉండవలెను.

సంచులు 24 ఉన్నవని లెక్కించి తృప్తి చెందరాదు. ఒక్కొక్క సంచిలో 48 కిలోల బియ్యమే ఉన్నచో, మొత్తముమీద 48 కిలోలు తరుగు పడినట్లే. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుండి ఆహార భద్రతా కార్డులపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. ఆ లెక్కన ఎనిమిదిమందికి రావలసిన నెల బియ్యము ఆ తరుగులో పోవును. సంచులను లెక్కించిన వానికి ఇది కానరాదు. కాటాపై తూచిన వానికే తెలియును.

చట్టమిచ్చిన అధికారము

చౌకధరల దుకాణముల పనిపై స్థానిక సంస్థలు గాని, ప్రభుత్వము నియమించిన ఇతర సంస్థలు గాని సామాజిక తనిఖీ జరుపవలెనని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము 28వ సెక్షను నిర్దేశించినది. దుకాణము స్థాయిలో నిఘా సంఘములుండవలెననియు, వానిలో స్థానిక సంస్థలకు తగిన ప్రాతినిధ్యము కల్పింపవలెననియు 29వ సెక్షను తెలుపుచున్నది. ప్రారంభ, ముగింపు నిల్వలను బోర్డుపై వ్రాయుట, ధాన్యపు మచ్చును ప్రదర్శించుట 2015 నాటి నియంత్రణ ఉత్తరువు ప్రకారము డీలరు విధులు.

కావున పంచాయతీ సభ్యులు బోర్డును చదివి, యంత్రములోని నిల్వతో సరిచూచి, కొన్ని సంచులను తమ ఎదుట తూయించి, ఫలితమును అందరి సమక్షమున వ్రాసి సంతకములు చేయవలెను. తేడా కనిపించినచో డీలరు సమాధానమును కూడ వ్రాసికొని, తహసీల్దారునకు తెలుపవలెను. ఇట్టి తనిఖీ నిజాయితీగల డీలరుకు రక్షణ. పేదవాని పళ్లెములోని అన్నమునకు కాపు.