మిన్నెసోటా మాస్టారు

1972లో కోచ్ హెర్బ్ బ్రూక్స్ చేతికొచ్చేసరికి మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఐస్ హాకీ జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. రెండేళ్లకే, 1974లో, ఆ జట్టు తొలి కాలేజీ జాతీయ టైటిల్ గెలిచింది. 1976లో, 1979లో మళ్లీ గెలిచింది. బ్రూక్స్ పేరెత్తగానే అందరూ ఒలింపిక్స్ ముచ్చటే చెబుతారు. నా దృష్టిలో మాత్రం ఆయన గొప్పతనం ఈ ఏడేళ్ల కాలేజీ కొలువులో ఉంది.

సెయింట్ పాల్‌లో పుట్టిన బ్రూక్స్‌ను 1960 ఒలింపిక్స్ ముందు చివరి క్షణంలో అమెరికా జట్టులోంచి తీసేశారు. ఆ జట్టే స్వర్ణం గెలిచింది. కోచ్ తీసేయాల్సినవాణ్నే తీసేశాడని కన్నతండ్రే అన్నాడట! ఆ దెబ్బ ఆయన్ను జీవితాంతం వదల్లేదు.

1980 ఒలింపిక్స్ జట్టు బాధ్యత దక్కినప్పుడు ఇరవైమందిని ఎంచుకున్నాడు. తొమ్మిదిమంది తన శిష్యులే. నలుగురు బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు. 1976 సెమీఫైనల్లో ఈ రెండు కాలేజీలవాళ్లూ మంచుమీదే కలబడి కొట్టుకున్నారు. ఆ పగ మరిపించడానికి బ్రూక్స్ ఒక దారి పట్టాడు. అందరికీ తానే శత్రువయ్యాడు. ఆయన్ను తిట్టుకుంటూనే కుర్రాళ్లు ఒక్కటయ్యారు.

1979 సెప్టెంబరులో నార్వేతో మ్యాచ్ 3-3తో డ్రా అయింది. కుర్రాళ్లు ఒళ్లు దాచుకుని ఆడారని ఆయనకు మండింది. ఎవర్నీ ఇంటిదారి పట్టనివ్వలేదు. మంచుమీద పరుగులు పెట్టించాడు. గోల్ గీత నుంచి దగ్గరి నీలిగీత దాకా వెళ్లి వెనక్కి, మధ్య ఎర్రగీత దాకా వెళ్లి వెనక్కి, అవతలి నీలిగీత, ఆఖరికి అవతలి గోల్ గీత. మళ్లీ మొదటికి. స్టేడియంలో దీపాలు ఆర్పేసినా పరుగు ఆపనివ్వలేదు. క్రూరమే. కానీ ఒలింపిక్స్ జరిగిన లేక్ ప్లాసిడ్‌లో మూడో పీరియడ్‌లోనూ కాళ్లు సడలని జట్టు అలాగే తయారైంది.

ఆ జట్టులో మార్క్ జాన్సన్ ఉన్నాడు. బ్రూక్స్‌కు బద్ధ ప్రత్యర్థి, విస్కాన్సిన్ కోచ్ బాబ్ జాన్సన్ కొడుకు. 1980 ఫిబ్రవరి 22న సోవియట్‌తో తొలి పీరియడ్ ముగియడానికి ఒక్క సెకను ఉందనగా, డేవ్ క్రిస్టియన్ దూరం నుంచి కొట్టిన పక్ గోలీ త్రెత్యాక్‌కు తగిలి వెనక్కొచ్చింది. డిఫెండర్లు ఇక అయిపోయిందనుకున్నారు. జాన్సన్ అనుకోలేదు. దూసుకొచ్చి స్కోరు 2-2 చేశాడు. చివరికి 4-3తో అమెరికా గెలిచింది. రెండు రోజుల తర్వాత ఫిన్లాండ్‌ను 4-2తో ఓడించి స్వర్ణం అందుకుంది. ప్రత్యర్థి బిడ్డను అంత నమ్మడం ఎంత పెద్ద మనసు!

ఆ తర్వాత బ్రూక్స్ న్యూయార్క్ రేంజర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు కోచ్ అయ్యాడు. 1985లో అక్కడ ఉద్వాసన పలికారు. అప్పుడాయన చేసిన పని నాకు ఒలింపిక్స్ విజయంకన్నా తక్కువేం కాదు. 1986లో సెయింట్ క్లౌడ్ స్టేట్ అనే చిన్న కాలేజీకి వెళ్లి ఒక సీజన్ శిక్షణ ఇచ్చాడు. మూడో శ్రేణిలో ఆడుతున్న ఆ కళాశాలను మొదటి శ్రేణికి చేర్చాలని పట్టుబట్టాడు. కొత్త రింక్ కోసం తన పేరు ప్రతిష్ఠలన్నీ ఒడ్డాడు. 2003 ఆగస్టులో కారు ప్రమాదంలో కన్నుమూశాడు. సెయింట్ క్లౌడ్ కుర్రాళ్లు నేటికీ దేశంలోని మేటి కాలేజీలతో మొదటి శ్రేణిలోనే తలపడుతున్నారు.