పేదల కుండలో కోసుకూర

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మరమగ్గాల హోరు రాత్రింబవళ్లు వినవస్తూనే ఉంటుంది. తెల్లవారి పాళీ దిగిన కార్మికులు చేతుల జిడ్డు కడుగుకొని భోజనానికి కూర్చుంటారు. పళ్లెంలో అన్నం, పలుచని పప్పు. చలికాలమైతే ఆ పప్పులో తేలియాడే క్యాబేజీ ముక్కలు. పన్నెండు గంటలు నిలువుకాళ్లపై నిలిచి పనిచేసిన మనిషికి అది వేడిగా ఉండడమే గొప్ప. ఆ నీళ్ల పప్పును సూపు అని పిలిస్తే వడ్డించేవాడు నవ్వవచ్చును. అయినప్పటికీ రష్యా రైతు గుడిసె మొదలుకొని పోర్చుగల్ కొండపల్లె వరకు, సగం ప్రపంచపు పేదల కుండలో ఉడికినది ఇదే.

ఆ పళ్లేల ముందు కూర్చున్నవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. తెలంగాణ పల్లెలలో చేనేత మగ్గం కూడు పెట్టలేని రోజులలో పద్మశాలి కుటుంబాలు సోలాపూరుకు, భివండికి, సూరత్‌కు తరలిపోయాయి. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండడమే ఆ వలస ఎంత పెద్దదో తెలుపుతుంది.

గుజరాతీలు క్యాబేజీని కోబీ అంటారు. హిందీవారి గోభీకి ఇది దగ్గరి చుట్టం. పోర్చుగీసు భాషలో ఈ జాతి కూరలన్నిటికీ ‘కూవ్’ అని పేరు. కోబీ అందులోనుండి వచ్చినదేనని భాషావేత్తల అభిప్రాయం. మన పెద్దలు దీనిని కోసుకూర అన్నారు, తమిళులు ముట్టైకోస్ అంటారు. ఆకులు బంతివలె చుట్టుకొనే ఈ కూర ఐరోపావారి ఓడలతో మన తీరానికి చేరినది. తద్దినాల వంటలో నేటికీ అనేక కుటుంబాలు దీనిని ముట్టకపోవడానికి ఈ పరదేశ జన్మమే కారణం. ఆ వచ్చిన అతిథి ఎంతగా స్థిరపడినదంటే, క్యాబేజీ పంటలో నేడు చైనా తరువాతి స్థానం భారతదేశానిదే.

ఆ ఓడల కాలంలో సూరత్ మొగలుల ప్రధాన రేవుపట్టణం. 1689లో అక్కడికి వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు, కంపెనీ కోఠీ భోజనశాలలో ఎవరి రుచికి తగినట్లు వారికి వండిపెట్టడానికి ఇంగ్లీషు, పోర్చుగీసు, భారతీయ వంటవాళ్లు ముగ్గురూ ఉండేవారని వ్రాశాడు. తీరానికి చేరినవాడికి ఆ వైభవం. చేరే ముందు నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసాలతో గడిపిన నావికుల చిగుళ్లు చీము పట్టి, పాత గాయాలు తిరిగి విచ్చుకొని, చివరకు ప్రాణాలే పోయేవి. స్కర్వీ అనే ఈ వ్యాధికి తాజా కూరల లోపమే మూలమని రూఢి కావడానికి చాలాకాలం పట్టినది.

1768లో ఎండెవర్ ఓడపై బయలుదేరిన కెప్టెన్ కుక్ పీపాలకొద్దీ ఉప్పులో పులియబెట్టిన క్యాబేజీని వెంట తీసుకొనిపోయాడు. నావికులు ముక్కు మూసుకొన్నారు. కుక్ వారిని బలవంతపెట్టలేదు. దానిని ప్రతిరోజూ అధికారుల బల్లపై వడ్డింపజేసి, నావికులను మాత్రం వారి ఇష్టానికి వదలివేశాడు. దొరలు తినేది తమకేల లేదని వారం తిరగకుండానే నావికులు ఎగబడగా, చివరకు కొలిచి పంచవలసి వచ్చినది! ఆ యాత్రలో స్కర్వీతో ఒక్కరూ మరణించలేదు. పచ్చి క్యాబేజీలో నూరు గ్రాములకు సుమారు 36 మిల్లీగ్రాముల సి విటమిను ఉంటుంది. ఉడికిస్తే కొంత నశిస్తుంది, కొంత నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని పారబోసే ఇల్లాలి కంటె, దానినే చారుగా త్రాగే పేదవాడు ఈ విషయంలో తెలివైనవాడు.

రష్యాలో ఈ చారు పేరు ‘ష్చీ’. వేసవిలో తాజా ఆకులతోనూ, చలికాలంలో పీపాలో పులిసిన క్యాబేజీతోనూ కాస్తారు. ఒకరోజు నిలిస్తే రుచి హెచ్చుతుందని వారి నమ్మకం. దూరప్రయాణాలలో దానిని మంచులో గడ్డకట్టించి, గొడ్డలితో నరికి కావలసినంత కరిగించుకొనేవారట. కలిగినవాడు మాంసం వేస్తాడు, లేనివాడు నీళ్లు పోస్తాడు. కుండ మాత్రం ఒక్కటే.

ఈ కుండను ఆధారం చేసుకొని తుర్గేనివ్ 1878లో ‘ష్చీ’ అనే పేరుతోనే ఒక చిన్న వచనకవిత వ్రాశాడు. ఒక విధవరాలికి ఇరవై ఏళ్ల ఒక్కగానొక్క కొడుకు పోయాడు. పరామర్శకు వచ్చిన జమీందారిణి చూసేసరికి, ఆ తల్లి మసిబారిన కుండ అడుగునుండి చారు తోడుకొని మెల్లగా మింగుతూ ఉంటుంది. ఇంతటి దుఃఖంలో తిండి ఎట్లా సహిస్తున్నదని దొరసాని విస్తుపోతుంది. తన బ్రతుకూ ముగిసినట్లేనని తల్లి కంట తడిపెడుతుంది. అయితే చారులో ఉప్పు వేసి ఉన్నదనీ, దానిని పారవేయరాదనీ జవాబిస్తుంది. రష్యాలో ఉప్పుపై పన్ను 1880లో గాని రద్దు కాలేదని తెలిసినవారికి ఆ మాట బరువు మరింత అర్థమవుతుంది. సూరత్‌వారికైతే ఎవరూ వివరించనక్కరలేదు. 1844లో ఉప్పు సుంకం పెంచినందుకు తిరగబడిన నగరం అది. 1930లో గాంధీజీ పిడికెడు ఉప్పు చేతికెత్తుకొన్న దండి గ్రామం నాడు సూరత్ జిల్లాలోనిదే.

క్యాబేజీకి బీట్‌రూటు తోడైతే ఉక్రెయినువారి ఎర్రని బోర్ష్చ్. 1905 జూన్‌లో నల్లసముద్రంలోని పొటెంకిన్ యుద్ధనౌకపై పురుగులు పట్టిన మాంసంతో ఈ చారు కాచారు. మాంసం తినదగినదేనని ఓడ వైద్యుడు తీర్పు చెప్పాడు. నావికులు గరిటె ముట్టలేదు. కాల్చివేతల బెదిరింపు వచ్చినది, తిరుగుబాటు చెలరేగినది, ఓడ వారి వశమైనది. ఐసెన్‌స్టైన్ 1925లో తీసిన చలనచిత్రం ఆ గిన్నెను లోకప్రసిద్ధం చేసినది. యుద్ధ నేపథ్యంలో ఉక్రెయిను బోర్ష్చ్ వంట సంస్కృతిని యునెస్కో 2022లో తక్షణ రక్షణ అవసరమైన వారసత్వంగా గుర్తించినది.

తక్కిన దేశాల కుండలూ చూడదగినవే. పోలండువారిది పులిసిన క్యాబేజీతో కాచే కపుష్‌న్యాక్. పోర్చుగల్‌వారు ముదురాకుపచ్చ ఆకులను దారాలవలె సన్నగా తరిగి, బంగాళాదుంపల చిక్కని రసంలో వేస్తారు. ఇటలీలో టస్కనీ రైతులు నల్ల క్యాబేజీని, చిక్కుళ్లను, మిగిలిన ఎండు రొట్టెను కలిపి మరునాడు మళ్లీ మరిగిస్తారు. దాని పేరుకు అర్థమే ‘తిరిగి కాచినది’. విచిత్రమేమనగా, 1980ల నాటికి సంపన్న దేశాలలో ఏడు రోజులపాటు క్యాబేజీ సూపు త్రాగి సన్నబడే పథ్యమొకటి చేతులు మారిన కాగితాల ద్వారా ప్రచారమైనది. లేమి నేర్పిన వంటను కొవ్వు కరిగించడానికి వాడుకొన్నారన్నమాట. పోయిన బరువులో అధికభాగం నీరే!

సూరత్‌వారు మాత్రం కోబీని నీటిలో ముంచడానికి ఇష్టపడరు. సన్నగా తరిగి, ఆవాలు, పసుపు, పచ్చిమిర్చితో క్షణకాలం వేయించి, కరకరలాడుతుండగానే దించి ‘సంభారో’ అంటారు. ఎక్కువసేపు ఉడికినకొద్దీ గంధక వాయువుల దుర్వాసన పెరుగుతుంది గనుక వారి పద్ధతిలో శాస్త్రమూ ఉన్నది. అయితే వారికీ ఓసామణ్ అనే పలుచని చారు కలదు: ఉడికిన కందిపప్పుపై తేరిన నీటిని వంచి, బెల్లం, కోకమ్ పులుపు చేర్చి తాలింపు పెడతారు. తెలుగువారి పప్పు కట్టు చారే అది, బెల్లం కాస్త ఎక్కువ.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ మగ్గాలు ఆగిపోయినప్పుడు, జీతం, స్వగ్రామ ప్రయాణం కోరుతూ సూరత్‌లో వలస కార్మికులు వీధులకెక్కారు. కూలి ఆగితే కుండ ఎన్నాళ్లకు ఖాళీ అవుతుందో దేశం ఆ రోజులలో చూసినది. మగ్గాలు మళ్లీ తిరిగాయి, వెళ్లినవారిలో చాలామంది తిరిగి వచ్చారు.

ఇంట చేసుకోదలచినవారికి పద్ధతి తేలికైనది. పప్పు కట్టును మరగబెట్టి, చింతపండు రసం, పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి వేయాలి. సన్నగా తరిగిన క్యాబేజీని చివర వేసి అయిదారు నిమిషాలకు మించి ఉడకనీయరాదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పాటు చితక్కొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎర్రగా వేగిన తరువాత తాలింపును గిన్నెలో వంచి, ఆవిరి పోకుండా వెంటనే మూత పెట్టాలి.