సాలూరు మోకు, రెండు మరల బిగింపు

ఒడిశాలోని సుంకి నుంచి పి.కోనవలస వైపు ఘాట్ దిగే లారీలో, ప్రతి మలుపు దగ్గరా సరుకు బయటి వైపుకు ఒరగజూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది మోకు. అందుకే కొండ దిగే ముందు డ్రైవరు “కట్టు సూసావేట్రా?” అని క్లీనరును అడుగుతాడు.

సాలూరులో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలో చేరేదాకా విజయనగరం జిల్లాలోనే ఉన్న ఈ ఊరు ఆ ఘాట్ మీదుగా వచ్చే రాయపూర్ రోడ్డు మీద, లారీలను నమ్ముకుని పెరిగింది. విజయవాడ తర్వాత లారీలకు సాలూరే అని పేరు.

మోకు కట్టడంలో చక్కని నేర్పు ఉంది. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, బాడీ కొక్కెం కింద నుంచి తెచ్చిన కొసను ఆ ఉచ్చులోంచి దూర్చి, మోకాలు ఆనించి లాగుతారు. అప్పుడు తాడే కప్పీలా పనిచేసి మనిషి బలాన్ని పెంచుతుంది. బస్తాలకు ఇది చాలు. అయితే దారిలో బస్తాలు కుదురుకుంటాయి, తాడు సాగుతుంది, కట్టు వదులవుతుంది.

జనరేటరు, యంత్రం, పికప్ తొట్టిలో కూర్చోబెట్టిన రేకు గది వంటివాటి సంగతి వేరు. “ఇంత బరువుంది, ఎక్కడికి పోతుంది?” అనుకోవడమే ప్రమాదం. అమెరికా నిబంధనల ప్రకారం ముందుకు దూకబోయే సరుకును దాని బరువులో 80 శాతం బలంతో ఆపగలగాలి. పక్కలకైతే 50 శాతం. అంటే 1000 కిలోల గదిని హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు ఆపడానికి 800 కిలోల బరువుకు సమానమైన పట్టు కావాలి. బరువు పెరిగితే తోపూ పెరుగుతుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది టర్న్‌బకిల్. నడుమ ఒక ఇనుప చట్రం, దానికి రెండు వైపులా కొక్కేలున్న కడ్డీలు. ఒక కడ్డీకి కుడి మర, రెండోదానికి ఎడమ మర. చట్రాన్ని తిప్పితే రెండు కడ్డీలూ మెలి తిరగకుండా ఒకేసారి లోపలికి వస్తాయి. 16 మిల్లీమీటర్ల మామూలు కడ్డీకి మర చుట్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్క చుట్టుకు 4 మిల్లీమీటర్లు బిగుస్తుంది. చేతి తాడుకు దొరకని నియంత్రణ ఇది.

అమెరికాలో పికప్ తొట్టిలో ఏకంగా పడకగదినే మోసుకెళ్తారు. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో అలాంటి బండి మీదే దేశమంతా తిరిగాడు. ఈ గదులను సాధారణంగా నాలుగు మూలలా టర్న్‌బకిళ్ళతో కడతారు. ముందువి ముందుకూ కిందికీ, వెనకవి వెనక్కూ కిందికీ లాగుతాయి. గుంతల్లో బండి చట్రం మెలి తిరుగుతుంది కనుక కొన్నింటికి స్ప్రింగు కూడా ఉంటుంది. పలుచని తొట్టి రేకుకు కాకుండా బండి చట్రానికే తగిలిస్తే పట్టు నిలుస్తుంది. అతిగా బిగిస్తే మాత్రం గది మూలలే చీలిపోతాయి.

అదురుకు మర తనంతట తానే వదులవుతుంది. అందుకని లాక్ నట్టు వేస్తారు. బయలుదేరిన కొంతసేపటికి బండి ఆపి, నాలుగు మూలలూ చేత్తో పట్టి చూస్తారు. సాలూరు క్లీనరు ఘాట్ మొదట్లో దిగి మోకును లాగి చూసేదీ ఇందుకే.