పాత బండికి ఏ నూనె పొయ్యాలి?

"కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. ఎడ్లబండి ఇరుసు ఎండిపోతే కీచుమని మొరపెట్టుకొంటుంది. బండివాడు దిగి కాస్త ఆముదం రాస్తే ఆ సంగీతం ఆగిపోతుంది. మోటారు ఇంజను అలా కాదు. అది మొరపెట్టుకొనే వేళకు లోపల జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అందుకే దానికి ఏ నూనె పొయ్యాలో ముందే తెలుసుకోవాలి. బండి పాతబడ్డ కొద్దీ ఈ అవసరం మరీ ఎక్కువ.

పొగ చెప్పే కబురు

హైదరాబాదులోని తార్నాక చౌరస్తాలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే దారిలో ఓ పావుగంట నిలబడి వాహనాల వెనుక వచ్చే పొగను గమనించండి. పొగ నల్లగా ఉంటే ఇంధనం పూర్తిగా కాలడం లేదని అర్థం. చలికాలం ఉదయం కాసేపు తెల్లగా కనిపించేది చాలావరకు నీటి ఆవిరి. నీలిరంగు పొగ వస్తుంటే మాత్రం ఇంజను ఆయిల్ కూడా కాలిపోతున్నదన్నమాట.

ఆ నీలి పొగ బండి ఒక ఆటో డ్రైవరుది కావచ్చు. లేదా హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించి ఫీజు కట్టుకొనే ఒక విద్యార్థిది కావచ్చు. ఇంజను విప్పించాలంటే వేల రూపాయలు కావాలి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ సంపాదన ఉండదు. అటువంటప్పుడు మెకానిక్ ఓ సులువైన మార్గం చెబుతాడు: "పాత బండి గదా తమ్మీ, చిక్కటి ఆయిల్ పోద్దాం, పొగ బందైతది!"

ఈ మాట నిజమేనా? కొంతవరకు నిజమే. ఎంతవరకో లెక్క వేసి చూద్దాం.

వెంట్రుక కంటే సన్నని సందు

ఒక మోటారుసైకిల్ 60,000 కిలోమీటర్లు తిరిగిందనుకోండి. సగటున గంటకు 40 కిలోమీటర్ల వేగమైతే అది 1,500 గంటలు, అంటే 90,000 నిమిషాలు నడిచింది. ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుందనుకొంటే, మొత్తం 36 కోట్ల చుట్లు! ఆ ప్రతి చుట్టులోనూ పిస్టన్ సిలిండరు గోడను రాసుకొంటూ పైకి, కిందికి పరుగెత్తింది.

లోహం లోహాన్ని నేరుగా తాకితే రెండూ అరిగిపోతాయి. తాకకుండా మధ్యలో ఆయిల్ పలుచని పొరగా నిలుస్తుంది. అది చేసే పని అదొక్కటే కాదు. వేడిని మోసుకుపోతుంది, మసిని కడుగుతుంది, తుప్పును ఆపుతుంది. కొత్త ఇంజను బేరింగులో ఈ పొరకు ఉండే సందు మన తలవెంట్రుక మందం కంటే తక్కువ. కోట్ల చుట్ల తర్వాత ఆ సందు పెరుగుతుంది. పిస్టన్ రింగులు అరుగుతాయి. రబ్బరుతో చేసిన ఆయిల్ సీళ్ళు గట్టిపడతాయి. అప్పుడు ఆయిల్ దొడ్డిదారిన దహన గదిలోకి చేరి కాలిపోతుంది. నీలి పొగ అదే.

చిక్కదనానికీ ఒక కొలత

ద్రవం ప్రవహించేటప్పుడు దాని పొరల మధ్య ఉండే ఘర్షణనే స్నిగ్ధత అంటారు. వాడుకలో చెప్పాలంటే చిక్కదనం. వేడెక్కితే ఇది తగ్గుతుంది. మనకు తెలిసిన ఆముదాన్నే తీసుకోండి. 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద దాని స్నిగ్ధత సుమారు 250 సెంటీస్టోకులు. 100 డిగ్రీల వద్ద సుమారు 20 మాత్రమే!

ఆయిల్ డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి. 'డబ్ల్యూ' అంటే వింటర్, చలికాలం. ముందున్న 10 అనే అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. అది ఎంత తక్కువైతే అంత మేలు. వెనుక ఉన్న 30 అనేది ఇంజను వేడెక్కిన తర్వాతి చిక్కదనానికి గుర్తు. 100 డిగ్రీల వద్ద 30 గ్రేడు స్నిగ్ధత 9.3 నుంచి 12.5 వరకు, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 వరకు, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 వరకు సెంటీస్టోకులు ఉంటుంది.

అసలు లెక్క ఇదీ

ఒక సన్నని సందులోంచి ఎంత ఆయిల్ కారిపోతుందో చెప్పే సూత్రం ఒకటుంది. ఒత్తిడి ఒకటే అయితే, కారే ఆయిల్ సందు వెడల్పు ఘనానికి అనులోమంగా, స్నిగ్ధతకు విలోమంగా ఉంటుంది.

సందు పదో వంతు పెరిగిందనుకోండి. 1.1 × 1.1 × 1.1 = 1.331. అంటే కారే ఆయిల్ దాదాపు మూడో వంతు పెరిగింది. 30 గ్రేడు నుంచి 40 గ్రేడుకు మారితే స్నిగ్ధత కూడా దాదాపు మూడో వంతు పెరుగుతుంది. లెక్క సరిపోయింది! మెకానిక్ మాటలో నిజం ఇంతవరకే.

ఇప్పుడు సందు రెట్టింపయిందనుకోండి. 2 × 2 × 2 = 8. కారే ఆయిల్ ఎనిమిది రెట్లయింది. ఒకేసారి 50 గ్రేడు పోసినా చిక్కదనం రెట్టింపు కూడా కాదు. ఎనిమిదికి రెండు ఏం సరిపోతుంది? అరిగిన లోహాన్ని ఏ ఆయిలూ తిరిగి మొలిపించలేదు.

పైగా మరీ చిక్కని ఆయిల్‌తో వేరే చిక్కులున్నాయి. ఉదయం బండి స్టార్టు చేయగానే అది పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. ఆ కొద్ది క్షణాల్లోనే అరుగుదల జరుగుతుంది. ఆయిల్‌ను కదిలించడానికే ఇంజను శక్తి ఖర్చయి మైలేజీ తగ్గుతుంది. పొగ తగ్గడం వల్ల జబ్బు నయమైందన్న భ్రమ కలుగుతుంది. పాత బండి అమ్మేవారు కొందరు చిక్కటి ఆయిల్ పోసి పొగను దాచేది కూడా ఈ ఉపాయంతోనే. కొనేవారు జాగ్రత్త సుమా!

తార్నాకలో ఆముదం

మొదటి ప్రపంచ యుద్ధకాలం (1914–18) నాటి విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదమే పోసేవారు. అది పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు గనుక పొర నిలిచేది. 'కాస్ట్రాల్' అన్న పేరు కూడా ఆముదాన్ని ఇంగ్లీషులో పిలిచే 'కాస్టర్' నుంచి వచ్చిందే. కాని వేడికి ఆముదం జిగురుగా మారుతుంది. అందుకే మోటారు ఇంజన్లలో పెట్రోలియం నూనెలు దాని స్థానం తీసుకొన్నాయి.

అలాగని ఆముదం కథ ముగియలేదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో హైదరాబాదు రాష్ట్ర ప్రయోగశాలగా ఆరంభమై, 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగా మారి, 1989లో ఇప్పటి పేరు పొందింది. ఆముదం నుంచి లభించే అన్‌డిసినోయిక్ ఆమ్లంతో కందెనలకు పనికివచ్చే మూలనూనెలను తయారుచేసిన పరిశోధనను ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు.

మూలనూనె ఒక్కటే ఇంజనుకు చాలదు. మసిని పట్టి ఉంచేవి, అరుగుదలను తగ్గించేవి, వేడికి మరీ పలుచబడకుండా చూసేవి కొన్ని రసాయనాలు అందులో కలపాలి. ఆయిల్ నల్లబడగానే చెడిపోయిందనుకోకండి. మసిని గోడలకు అంటనీయకుండా తనలో పెట్టుకొంటున్నది గనుకనే అది నల్లబడింది.

మరి ఏ డబ్బా కొనాలి?

ముందు కొలవండి. సమతలం మీద బండి నిలిపి, దాని పుస్తకంలో చెప్పిన విధంగా ఆయిల్ మట్టం చూసి రాసుకోండి. వేయి కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చూడండి. 100 మిల్లీలీటర్లు తగ్గిందంటే, 3,000 కిలోమీటర్లకు 300 తగ్గుతుంది. లీటరు ఆయిల్ పట్టే బండికి అది దాదాపు మూడో వంతు! మధ్యలో పోసి నింపకపోతే ప్రమాదమే.

ఆయిల్ తగ్గకపోతే, పొగ రాకపోతే, బండి ఎంత పాతదైనా పుస్తకంలో చెప్పిన గ్రేడే పొయ్యండి. వయసు ఒక్కటే జబ్బు కాదు. కొద్దిగా తగ్గుతుంటే, పుస్తకం అనుమతించిన గ్రేడుల్లోనే ఒక మెట్టు పైకి వెళ్ళవచ్చు. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన వాహనాలకని అమ్మే ఆయిళ్ళలో గట్టిపడ్డ సీళ్ళను కొంత మెత్తబరిచే రసాయనాలుంటాయి. సీళ్ళ దగ్గర సన్నగా కారుతుంటే అవి ఉపకరిస్తాయి. అరిగిన రింగులకు ఉపకరించవు.

గేర్లున్న మోటారుసైకిళ్ళలో చాలావాటికి క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. వాటికి డబ్బా మీద జాసో ఎం.ఎ. గుర్తు ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు.

ఉదయం స్టార్టు చేయగానే కాసేపే నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్ళను అనుమానించాలి. వేగం పెంచినప్పుడల్లా వస్తే రింగులను అనుమానించాలి. అప్పుడు ఆయిల్ మార్చడం కాదు, ఇంజను విప్పడమే వైద్యం. ఆయిల్ పథ్యమే కాని మందు కాదు. పథ్యం తప్పితే ఏ మందూ పనిచెయ్యదనుకోండి, అది వేరే మాట!

మీరే చేసి చూడండి

సూది లేని కొత్త సిరంజి ఒకటి తీసుకొని, లోపలి కడ్డీని బయటికి లాగెయ్యండి. కింది రంధ్రాన్ని వేలితో మూసి 5 మిల్లీలీటర్ల ఆముదం పొయ్యండి. వేలు తీసి, మొత్తం కారడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో గడియారంలో చూడండి. తర్వాత మరికొంత ఆముదాన్ని గిన్నెలో పోసి, వేడినీళ్ళలో ఆ గిన్నెను ఉంచి, ఆముదం గోరువెచ్చన దాటాక మళ్ళీ అలాగే చెయ్యండి. వేడినీళ్ళు పెద్దల చేత తెప్పించుకోండి. ఇంజనీరింగు కళాశాలల్లో రెడ్‌వుడ్ విస్కోమీటరుతో చేసే ప్రయోగానికి మూలసూత్రం ఇదే. అక్కడ 50 మిల్లీలీటర్లు కారే కాలాన్ని కొలుస్తారు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే దాని పుస్తకం వెతికి, ఏ గ్రేడు రాసి ఉందో, ఇప్పుడు ఏది పోస్తున్నారో పోల్చి చూడండి. రెండూ వేరైతే ఎందుకని నాన్నగారినో, మెకానిక్‌నో అడగండి. తీసేసిన పాత ఆయిల్‌ను మోరీలో మాత్రం పారబోయనివ్వకండి. దాన్ని శుద్ధిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. మోరీలో పోస్తే మాత్రం మన నీళ్ళే పాడవుతాయి.