అరకులో మా ఇంటికి బిల్ట్-ఇన్ మైక్రోవేవ్: నేను చేసిన తప్పులు, చివరికి కొన్నది

"అన్నా, కొత్త ఇల్లు కడుతున్నాం, వంటింట్లో బిల్ట్-ఇన్ మైక్రోవేవ్ పెట్టించాలా, మామూలుది చాలా?" ఈ ప్రశ్న కామెంట్స్‌లో చాలా రోజుల నుంచి వస్తోంది. నేను దాటేస్తూ వచ్చాను. ఎందుకంటే మా ఇంట్లో నేనే పెట్టించాను, మొదటిసారి తప్పుగా పెట్టించాను. ఇప్పుడు సరిచేశాం కాబట్టి చెప్తున్నా.

మా అమ్మానాన్నలు అరకులో ఉంటారు. నాన్న రిటైర్డ్ టీచర్. అమ్మ ఇంకా సర్వీసులోనే ఉంది, పొద్దున్న ఎనిమిదిన్నరకి స్కూలుకి వెళ్తే తిరిగొచ్చేసరికి సాయంత్రం. పోయినేడాది నాన్నకి పక్షవాతం వచ్చింది. నడుస్తారు, మాట్లాడతారు, కానీ కుడి చెయ్యి పట్టు పూర్తిగా రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం పప్పు వేడి చేసుకుందామని స్టవ్ వెలిగించి, గిన్నె ఎడమ చేత్తో దించబోతే జారిపోయింది. కాలు కాలింది, కొంచెమే. ఆ సంగతి నాకు నాలుగు రోజుల తర్వాత అక్క చెప్తే తెలిసింది. అప్పుడు అనుకున్నాం, వంటిల్లు మార్చాలి, గ్యాస్ ముట్టుకోకుండా నాన్న మధ్యాహ్నం వేడిగా తినేలా ఉండాలి అని. డబ్బులు అక్కా నేనూ చెరి సగం.

ఇక్కడే నా మొదటి తప్పు. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కదా, వెంటనే ఫోన్ తీసి ఫోటోలు చూశాను. నిలువు బీరువా లాంటి టవర్ యూనిట్, దాని మధ్యలో నల్లగా మెరిసే మైక్రోవేవ్. అదే కావాలన్నాను. ఎవరు వాడతారు, ఎలా వాడతారు అన్నది ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సరే, ముందు బేసిక్స్. మామూలు మైక్రోవేవ్‌కీ బిల్ట్-ఇన్‌కీ లోపల జరిగే పని ఒక్కటే. మాగ్నెట్రాన్ అనే గొట్టం 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు పుట్టిస్తుంది, అవి ఆహారంలోని నీటిని వేడి చేస్తాయి. మీ వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుతుంది, అందుకే మైక్రోవేవ్ తిరుగుతున్నప్పుడు పక్క గదిలో రీల్ ఆగి ఆగి వస్తుంది. తరంగాలు ఆహారంలోకి పైనుంచి రెండు మూడు సెంటీమీటర్లే బలంగా దిగుతాయి, మిగతా వేడి మెల్లగా లోపలికి పాకాల్సిందే. మా వైపు చోడి అంబలి పెట్టి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అంచులు కుతకుతా ఉడుకుతాయి, మధ్యలో చల్లగానే ఉంటుంది. ఒక నిమిషం పెట్టి, తీసి కలిపి, మళ్ళీ పెట్టాలి. కలపకపోతే బుడగ లేచి చిమ్ముతుంది.

తేడా అంతా గాలిలో ఉంది. మామూలు మైక్రోవేవ్ వేడి గాలిని వెనక నుంచో, పక్కల నుంచో, పై నుంచో వదులుతుంది. అందుకే మాన్యువల్‌లో పైన ఇంత, వెనక ఇంత ఖాళీ వదలమని రాస్తారు. దాన్ని తీసుకెళ్ళి మూడు వైపులా మూసిన గూట్లో బిగిస్తే, ఆ వేడి గాలినే మళ్ళీ పీలుస్తుంది. మధ్యలో ఆగిపోతుంది, కొన్నాళ్ళకి పాడవుతుంది. బిల్ట్-ఇన్‌ని మాత్రం గూట్లో ఉండేలాగే తయారు చేస్తారు. కంపెనీ డ్రాయింగ్‌లో చూపించిన దారిలో గాలి తీసుకుని వదులుతుంది, చుట్టూ ఫ్రేమ్ ఉంటుంది, స్క్రూలతో కేబినెట్‌కి బిగిస్తారు. ధర మాత్రం అదే సైజు మామూలు దానికి చాలాసార్లు రెట్టింపు దాటుతుంది. మామూలు మైక్రోవేవ్‌కి ఫ్రేమ్ తగిలించి "బిల్ట్-ఇన్ అయిపోతుంది సార్" అనేవాళ్ళున్నారు. ఆ మోడల్‌కి కంపెనీయే ట్రిమ్ కిట్ ఇస్తేనే నమ్మండి.

అన్నట్టు ఒక సంగతి. మైక్రోవేవ్ పుట్టింది యుద్ధకాలపు రాడార్ పనిలో. 1945లో రేథియాన్ కంపెనీలో పనిచేసే పెర్సీ స్పెన్సర్ జేబులో చాక్లెట్ కరిగిపోవడంతో ఆయనకి ఆలోచన వచ్చిందంటారు. 1947లో వచ్చిన మొదటి మెషీన్ దాదాపు మనిషెత్తు, సుమారు 340 కిలోలు. ఇళ్ళ కోసం ట్యాపన్ కంపెనీ 1955లో తెచ్చిన మోడల్ గోడలో బిగించేదే. అంటే ఇళ్ళలోకి ముందొచ్చింది బిల్ట్-ఇనే, గట్టు మీద పెట్టుకునే చిన్నది 1967లో అమానా పేరుతో వచ్చింది. అదే 1955లో మా కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు తీయడం మొదలుపెట్టింది. కరెంటు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పుడు కొలతలు. ఇది రాసుకోండి, ఎందుకంటే ఇక్కడే నాకు దెబ్బ పడింది. చాలా బిల్ట్-ఇన్ మోడళ్ళు 60 సెంటీమీటర్ల కేబినెట్‌కి సరిపోయేలా చేస్తారు. కానీ 60 అనేది బయటి కొలత. లోపల గూడు 56 సెంటీమీటర్లు, అంటే 560 మిల్లీమీటర్లు కావాలి. మా కార్పెంటర్ 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడాడు. దానికి లోపల ఒకటి, బయట ఒకటి లామినేట్, ఒక్కోటి 1 మిల్లీమీటరు. ఒక పక్క 21, రెండు పక్కలా 42. ఆరువందల్లోంచి 42 తీసేస్తే 558. రెండు మిల్లీమీటర్లు తక్కువ! విశాఖ నుంచి ఘాట్ రోడ్డు మీద 115 కిలోమీటర్లు ఎక్కొచ్చిన పెట్టె గూటి ముందు ఆగిపోయింది. కార్పెంటర్ది తప్పు కాదు, నేను వాట్సాప్‌లో "60 సైజ్" అని పంపాను, అతను 60 చేశాడు. మీరు కంపెనీ ఇన్‌స్టలేషన్ డ్రాయింగ్ డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, కార్పెంటర్ చేతికివ్వండి. ఫోన్‌లో ఫోటో చూపించొద్దు. డ్రాయింగ్‌లో ఎత్తు, లోతు, వెనక వదలాల్సిన ఖాళీ అన్నీ ఉంటాయి, మోడల్ మోడల్‌కీ మారతాయి. మోడల్ ఖాయం అయ్యాకే చెక్క కొయ్యాలి.

ప్లగ్గు కూడా అంతే. మేము సాకెట్టు సరిగ్గా మైక్రోవేవ్ వెనకాలే పెట్టించాం. అది గోడకి ఆనకుండా ప్లగ్గు అడ్డం వస్తుంది. పైగా రేపు ఏదైనా షార్ట్ అయితే ప్లగ్గు తీయాలంటే మొత్తం స్క్రూలు విప్పాలి. సాకెట్టు పక్క కేబినెట్‌లో, చెయ్యి అందే చోట, స్విచ్‌తో ఉండాలి.

సరే, కార్పెంటర్ ఆ రెండు మిల్లీమీటర్ల కోసం లోపలి లామినేట్ పీకుతున్నాడు. నాన్న వచ్చి టవర్ ముందు నిలబడ్డారు. ఎడమ చేత్తో ఒక మగ్గు నిండా నీళ్ళు పట్టుకుని, గూటి ఎత్తుకి లేపి, లోపల పెట్టి, మళ్ళీ తీశారు. చెయ్యి వణికింది, సగం నీళ్ళు మోచేతి మీదుగా చొక్కా మీద పడ్డాయి. నాన్న నావైపు తిరిగి, "ఒరే, ఇది నాకా, నీ వీడియోకా?" అన్నారు.

నేనేం మాట్లాడలేదు. ఆ గూటి అడుగు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది. ఫోటోల్లో అలాగే ఉంటుంది మరి, కింద పెద్ద అవెన్, దాని పైన మైక్రోవేవ్. మాకు అవెనే లేదు. అవి నీళ్ళు కాకుండా మరిగే పప్పు అయితే?

ఆ రోజే టవర్ కోయించాం. కార్పెంటర్‌కి అదనంగా ఆరున్నర వేలు. మొదట కొన్న మోడల్ వాపసు ఇచ్చేశాం. ఈసారి నాన్నని స్టూలు మీద కూర్చోబెట్టి, నిలబెట్టి, టేపు పట్టుకుని కొలిచాం. గూటి అడుగు మూడడుగుల దగ్గర పెట్టాం, అంటే వంటగట్టు కంటే ఒకటి రెండు అంగుళాలే ఎత్తు. వేడి గిన్నె ఎప్పుడూ భుజం దాటి పైకి లేవకూడదు. ఇంట్లో పిల్లలున్నా, పెద్దవాళ్ళున్నా ఇంతే.

ఇంకోటి, తలుపు. చాలా మైక్రోవేవ్‌ల తలుపు ఎడమవైపుకి తెరుచుకుంటుంది, కుడివైపు ఖాళీ వస్తుంది. కాబట్టి గిన్నె దించే గట్టు కుడివైపే ఉండాలి. మా పాత ప్లాన్‌లో కుడివైపు ఫ్రిజ్! గిన్నె పట్టుకుని తలుపు చుట్టూ తిరిగొచ్చి ఎక్కడో పెట్టాలన్నమాట. కొన్ని బిల్ట్-ఇన్‌లకి తలుపు కిందికి పడుతుంది. చూడ్డానికి బావుంటుంది గానీ, ఆ తలుపు మీదుగా వంగి వేడి గిన్నె అందుకోవాలి. ఒంటి చేత్తో అది అస్సలు వద్దు.

మరి ఇన్ని తంటాలున్నప్పుడు మామూలుది గట్టు మీద పెట్టేస్తే పోలా? నేనూ అదే అన్నాను. పక్కింటి వాళ్ళది రెండు రోజులు అడిగి తెచ్చి పెట్టాం. నాన్న బటన్ గట్టిగా నొక్కితే మెషీన్ వెనక్కి జరుగుతోంది. హ్యాండిల్ ఉన్నదైతే లాగినప్పుడు ముందుకొస్తుంది. మనం తెలియకుండానే రెండో చేత్తో పట్టుకుంటాం, ఆయన పట్టుకోలేరు. స్క్రూలతో బిగించింది కదలదు. నా లెక్కలో బిల్ట్-ఇన్‌కి డబ్బు పెట్టడానికి మా ఇంట్లో ఉన్న అసలు కారణం ఇదొక్కటే. అందం కోసమైతే నేను పెట్టను. అద్దె ఇల్లయితే అసలు ఆలోచించొద్దు.

కొన్నది 25 లీటర్ల లోపు, గ్రిల్ ఉన్నది. కన్వెక్షన్ తీసుకోలేదు. కేకులు చేసేవాళ్ళు మా ఇంట్లో లేరు, పైగా కన్వెక్షన్ మోడళ్ళు కరెంటు ఎక్కువ లాగుతాయి. టచ్ ప్యానెల్ కంటే తిప్పే నాబ్ ఉన్నది నాన్నకి తేలిక, కానీ బిల్ట్-ఇన్‌లో నాబ్ మోడల్ నచ్చింది దొరకలేదు. ఒక్క నొక్కుకి 30 సెకన్లు పెరిగే బటన్ ఉన్నది చూసి తీసుకున్నాం. ఆ బటన్ మీద అమ్మ తన ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించింది. నాలుగు నొక్కులు, రెండు నిమిషాలు.

ఇప్పుడు కరెంటు. బాక్స్ మీద 800 వాట్లు అని ఉంటే అది ఆహారానికి అందేది. గోడ నుంచి లాగేది 1200, 1300 దాకా ఉంటుంది. కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్ ఉండాల్సిందే. ఇంట్లో చిన్న ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి, 900 వీఏ ఇన్వర్టర్ దీన్ని మొయ్యలేదు. కరెంటు పోతే నాన్నకి ఇప్పటికీ హాట్‌బాక్సే. వానాకాలంలో అమ్మ రెండూ సిద్ధం చేసే వెళ్తుంది.

వోల్టేజ్ మీ ఊళ్ళో ఎలా ఉందో మీరే పరీక్ష పెట్టుకోవచ్చు. ఒక లీటరు చల్లటి నీళ్ళు గాజు గిన్నెలో తీసుకుని, ఉష్ణోగ్రత చూసి, ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టండి. తీసి కలిపి మళ్ళీ చూడండి. పెరిగిన డిగ్రీలని 35తో గుణిస్తే సుమారుగా ఎన్ని వాట్లు అందాయో వస్తుంది. మా ఇంట్లో మధ్యాహ్నం 20 డిగ్రీలు పెరిగింది, అంటే 700. రాత్రి ఏడున్నరకి 15 డిగ్రీలే, అంటే 525. మీటర్ పెట్టి చూస్తే అప్పుడు వోల్టేజ్ 190 దగ్గర ఉంది. పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మైక్రోవేవ్‌లో వోల్టేజ్ తగ్గితే వేడి కూడా తగ్గుతుంది, మెషీన్ పాడైందని కంగారు పడొద్దు. మేము స్టెబిలైజర్ పెట్టాం, 3 కేవీఏది. ఫ్రిజ్‌కి వాడే చిన్నది దీనికి చాలదు. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు తీసెయ్యడమే, అందుకే సాకెట్టు చెయ్యి అందేలా ఉండాలన్నాను.

కొండ మీద ఇంకో చిన్న విషయం. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైనే ఉంది, ఇక్కడ నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. అందుకని విశాఖలో కుదిరిన రెసిపీ టైము ఇక్కడ అన్నానికీ, రాజ్మాకీ కుదరదు, ఇంకాస్త పడుతుంది. వేడి చేసుకోవడానికైతే తేడా తెలియదు.

గిన్నెల దగ్గర మళ్ళీ ఇబ్బంది వచ్చింది. మా ఇంట్లో అన్నీ స్టీలు, స్టీలు లోపల పెట్టకూడదు. గాజు గిన్నె బరువు, ఒంటి చేత్తో పట్టు దొరకదు. చివరికి అక్క పెద్ద సైజు పింగాణీ మగ్గులు మూడు తెచ్చింది, అంచుకి బంగారు గీత లేనివి. గీత ఉంటే మెరుపులొస్తాయి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూర. అమ్మ వాటిని ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి వెళ్తుంది, నాన్న చెవి పట్టుకుని ఒక్కొక్కటే వేడి చేసుకుంటారు. మగ్గు చెవి కాలుతుందేమో చూసుకోండి, కొన్ని పింగాణీలు కాలతాయి. మావి మూడింట్లో ఒకటి కాలింది, అది ఇప్పుడు పెన్నుల స్టాండ్.

ఇంకో కామెంట్ ఉంది, "బ్రో, మైక్రోవేవ్‌లో బొంగు చికెన్ అవుతుందా?" అవ్వదు. మా టర్న్‌టేబుల్ మీద అంత బొంగు తిరగనే తిరగదు, మూతి మూసిన దాంట్లో ఆవిరి పట్టేస్తే ప్రమాదం కూడా. దానికి నిప్పులే ఉండాలి. అరకు వస్తే రోడ్డు పక్కన తినండి.

మోడల్ డ్రాయింగ్‌లో ఏ కొలత ఏదో అర్థం కాకపోతే కామెంట్‌లో మోడల్ పేరు, మీ ప్లైవుడ్ మందం రాయండి, లెక్క వేసి చెప్తాను. నాన్న ఫోన్ చేస్తున్నారు, ఒంటిగంట అయింది. ఉంటానండీ.