చూపు కోల్పోయినవారికి ఇంటిలో మానసిక ఆసరా

శుక్లాల వలన తగ్గిన చూపు శస్త్రచికిత్సతో చాలావరకు తిరిగివస్తుంది. 1976లో మదురైలో 11 పడకలతో ఆరంభమైన అరవింద్ కంటి ఆసుపత్రి మన ప్రాంతపు పేదలకు సైతం ఆ చికిత్సను అందుబాటులోనికి తెచ్చింది. కాని నీటికాసుల వ్యాధి వలన పోయిన చూపు మరల రాదు. మధుమేహం ముదిరి కంటి లోపలి పొర బాగా దెబ్బతిన్నప్పుడు కూడ పూర్తిచూపు రావడం అరుదు. ఇక మందు లేదన్న మాట విని సేత్తూరులోని ఇంటికి చేరిన మనిషికి అటుపై ఆసరా కుటుంబమే.

తొలి నెలలలో కోపం, మౌనం, నిద్రలేమి సహజం. ఆ దుఃఖాన్ని అణచివేయరాదు. చూపు తప్పక వస్తుందని అబద్ధపు ఆశ చూపరాదు. అంతకంటె ఎక్కువగా బాధించేది జాలి. నిన్నటివరకు ఇల్లు నడిపిన ఆమె చేతిలోని పని లాగుకొని, మూలన కూర్చుండబెట్టడం ప్రేమగానే జరుగుతుంది. పూలు కట్టడం, వెల్లుల్లి ఒలవడం, చిల్లర లెక్కించడం చేతివ్రేళ్ళకు తెలిసిన పనులే. వాటిని ఆమెకే విడిచిపెట్టవలెను. “అత్తయ్యకు కాఫీ కావాలేమో” అని ప్రక్కవారిని అడుగక, అత్తయ్యనే అడుగవలెను. గదిలోనికి వచ్చినపుడు పేరు చెప్పవలెను, వెళ్ళునపుడు వెళ్తున్నానని చెప్పవలెను. ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నానని తెలిసిన క్షణాన కలిగే చిన్నతనం చూపున్నవారి ఊహకు అందదు.

మరొక సంగతి పెక్కు ఇండ్లలో బయటపడదు. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పిల్లలు, పూలు, ముగ్గుల వంటి ఆకృతులు కనబడతాయి. 1760లో జెనీవా శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే, చూపు మందగించిన తన తాతగారి అనుభవంగా దీనిని వర్ణించాడు. ఆ పేరే దీనికి నిలిచింది. కంటి నుండి సమాచారం తగ్గినపుడు మెదడు తానే బొమ్మలు కల్పించుకొంటుంది. ఇది పిచ్చి కాదు, గాలి సోకడమూ కాదు. పిచ్చి అంటారేమోనన్న భయంతో పెద్దలు దీనిని దాచుకొంటారు గనుక మనమే మెల్లగా అడుగవలెను. దీపం వేయడం, కళ్ళు అటునిటు త్రిప్పడం కొంత ఉపశమనమిస్తుంది. లేని మాటలు కూడ వినబడినా, కనబడినవి నిజమేనని నమ్మినా వైద్యునికి చూపవలెను.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకున్నచో ‘టెలి మానస్’ ఉచిత సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. చచ్చిపోతే బాగుండునన్న మాట వచ్చినచో రెండు వారాలు ఆగరాదు; ఒంటరిగా విడువక వెంటనే సహాయం కోరవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన ఈ సేవ తెలుగులోనూ లభిస్తుంది. వీధిలో ఎంత చక్కని తమిళం మాట్లాడినా, దుఃఖం ఇంటిభాషలోనే బయటికి వస్తుంది.

వైకల్య ధ్రువపత్రం పొందడాన్ని అవమానంగా తలచేవారున్నారు. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యమున్నవారికి అది హక్కులకు ఆధారం. పరీక్షకు వెళ్ళినపుడు వెంట ఉన్నవారు మాట అందుకొనక, వివరాలను వారినే చెప్పనీయవలెను.