“రొట్టె లేకపోతే కేకు తినండి”.. ఆ మాట ఫ్రాన్స్ రాణి అన్నదేనా?

తినడానికి రొట్టె లేదని జనం మొత్తుకుంటే “కేకు తినండి” అని ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ అందని చాలామంది చిన్నప్పుడే విని ఉంటారు. కానీ ఆమె అలా అన్నట్టు ఆధారం లేదు. ఎవరో రాకుమారి ఇలా అందంటూ, పేరు చెప్పకుండా రచయిత రూసో ఈ కథ రాసే నాటికి ఆమె ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. మరి ఆమె మీద జనానికి అంత కోపం ఎందుకు?

14 ఏళ్లకే కోడలు

మేరీ 1755లో వియన్నాలో పుట్టింది. రెండు రాజ్యాల దోస్తీ గట్టిపడాలని 1770లో, 14 ఏళ్లకే ఫ్రాన్స్ యువరాజుకిచ్చి పెళ్లి చేశారు. 1774లో భర్త 16వ లూయీ రాజయ్యాడు. పెళ్లైన ఎనిమిదేళ్లకు గానీ బిడ్డ పుట్టలేదు. అప్పటిదాకా సూటిపోటి మాటలే. బట్టలు, నగలు, జూదం మీద ఆమె బాగా ఖర్చు పెట్టిన మాట నిజమే.

ఖజానా ఖాళీ చేసిందెవరు?

1788 లెక్కల్లో ప్రభుత్వం వంద రూపాయలు ఖర్చు పెడితే, సుమారు యాభై అప్పులు, వడ్డీలకే పోయాయి. సైన్యానికి పాతిక దాకా. మొత్తం రాజదర్బారు ఖర్చు ఆరు రూపాయలే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన సాయం అప్పును ఇంకా పెంచింది. పన్నుల భారమేమో పేదల మీదే.

అదే ఏడాది ఆగస్టు 10న టిప్పు సుల్తాన్ రాయబారులు వెర్సాయ్‌లో రాజును కలిశారు. ఇంగ్లిష్ వాళ్లను ఎదుర్కోవడానికి సైనిక సాయం అడిగారు. మర్యాదలైతే ఘనంగా జరిగాయి గానీ సైన్యం రాలేదు. ఆ తర్వాత వారంలోపే ఫ్రాన్స్ చెల్లింపులు కొంతవరకు ఆపేసింది.

కొనని హారం

1785లో ఒక మోసం బయటపడింది. రాణికి దగ్గరి మనిషినని చెప్పుకున్న ఒక మహిళ, రోహన్ అనే పెద్ద మతాధికారిని నమ్మించి, సుమారు 16 లక్షల లివ్ర్‌ల వజ్రాల హారాన్ని రాణి పేరుతో కొనిపించి కాజేసింది. రాణికి ఆ సంగతే తెలియదు. అంతకుముందు అదే హారాన్ని వద్దని తిప్పి పంపింది కూడా. అయినా జనం ఆమెనే అనుమానించారు.

ఆఖరి రోజులు

1789 అక్టోబర్‌లో రొట్టె కోసం పారిస్ ఆడవాళ్లు వెర్సాయ్‌కి నడిచి వెళ్లి, రాజ కుటుంబాన్ని పారిస్ తీసుకొచ్చారు. 1791 జూన్‌లో పారిపోబోయి వారెన్ ఊళ్లో దొరికిపోయారు. దాంతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. 1792లో ఆమె ఫ్రెంచి సైన్యం సమాచారాన్ని ఆస్ట్రియా వైపు చేరవేసింది. ఇది పుకారు కాదు, ఆమె ఉత్తరాల్లోనే ఉంది.

1793 జనవరి 21న లూయీకి మరణశిక్ష అమలైంది. అక్టోబర్‌లో ఆమె విచారణ రెండు రోజుల్లో ముగిసింది. సమాచారం చేరవేతకు గట్టి రుజువు చూపలేకపోయారు. పైగా కన్నకొడుకుతోనే తప్పుగా ప్రవర్తించిందని నింద వేశారు. దానికి ఆమె, అక్కడున్న తల్లులందరినీ అడుగుతున్నానని మాత్రమే బదులిచ్చింది. అక్టోబర్ 16న గిలటిన్ కింద తల వాల్చింది. వయసు 37. కొడుకు 1795లో, పదేళ్లకే ఖైదులో చనిపోయాడు. పిల్లల్లో బతికి బయటపడింది పెద్ద కూతురొక్కతే.

ఆమె రాసిన ఉత్తరాల సంగతి ఈరోజు కొద్దిమందికే తెలుసు. అనని మాట మాత్రం అందరి నోటా ఉంది.